నూట పన్నెండు రికార్డుల నరెల్

నరెల్ టంక్స్ ఇంట్లో ఒకే రికార్డు నూట పన్నెండు ఉండేవి. ఒక బ్యాండు తన జన్మలో ఒకే ఒక్కసారి చేయించిన రికార్డు, దానికే నూట పన్నెండు ప్రతులు. ఈ సంగతి చెబితే మా డిపోలో కొత్తగా చేరిన డ్రైవరు ఎవరైనా సరే ముందు నవ్వుతాడు, తరవాత ఆవిడ మొహం చూస్తాడు, ఆ తరవాత నవ్వడం మానేస్తాడు. ఆవిడ చూపు అలాంటిది. ముప్పై ఏళ్ళుగా ఆస్ట్రేలియాలో ఈ వులంగాంగ్‌లో బస్సు నడుపుతున్న మనిషి. తప్పతాగి ఎక్కినవాడు కూడా ఆవిడ అద్దంలోంచి ఒకసారి చూస్తే కాళ్ళు దగ్గరికి పెట్టుకుని కూర్చుంటాడు.

పద్దెనిమిదేళ్ళ కిందట నాకీ దారులన్నీ నేర్పింది ఆవిడే. కోదండపాణి అన్న నా పేరు మొదటిరోజు మధ్యాహ్నానికే ఆవిడ నోట్లో కోడో అయిపోయింది. ఇక్కడ పేరు విరిచి పిలిచారంటే మనల్ని ఇంట్లోవాళ్ళలో కలుపుకున్నట్టు. నేను ఆవిడని అక్కా అంటాను. అది తనకి నేను పెట్టిన ముద్దుపేరని ఆవిడ ఇప్పటికీ అనుకుంటుంది, నేనూ దిద్దలేదు.

ఆ బ్యాండు పేరు గేట్ నైన్. ఉక్కు ఫ్యాక్టరీ తొమ్మిదో గేటు దగ్గర పనిచేసే నలుగురు కుర్రాళ్ళు కట్టుకున్న బ్యాండు. ఎనభై ఒకటిలో మూడు వందల రికార్డులు చేయించి, పోర్ట్ కెంబ్లా క్లబ్బు బయట పాటగాడి కారు డిక్కీలో పెట్టుకుని అమ్మారు. రేడియోలో ఒక్కసారి వేశారట, అది కూడా వాన వార్తలకు ముందు సగం పాట. రెండేళ్ళకి బ్యాండు విడిపోయింది. పాటగాడు పడమటి గనులకు వెళ్ళి అక్కడే పోయాడు. మిగతావాళ్ళు ఎవరి దారిన వాళ్ళు పోయారు.

ఆ డిక్కీలోంచి కొన్నప్పుడు నరెల్‌కి పదిహేడు. ఇంటికి తెచ్చి రెండో వైపు మూడో పాట వాళ్ళమ్మకి వినిపించింది. ఆరేసిన దుప్పట్ల మీద ఫ్యాక్టరీ మసి పడితే, ఒక ఇల్లాలు నోరెత్తకుండా వాటిని తీసుకెళ్ళి మళ్ళీ ఉతకడం గురించి ఆ పాట. గాలి ఇటు తిరిగిన ప్రతిరోజూ వాళ్ళమ్మ చేసే పని అదే. ఆవిడ క్లిప్పుల బుట్ట ఒళ్ళో పెట్టుకుని గుమ్మంలో కూలబడి, "మన మీద కూడా పాట కడతారా?" అందట. మళ్ళీ వెయ్యమందట. ఆ వేసవంతా వేయించుకుంటూనే ఉందట. ఈ సంగతి నాకు నరెల్ చెప్పడానికే పదేళ్ళు పట్టింది.

మిగతా నూట పదకొండు ఎందుకు కొన్నదంటే, దానికి కారణం ఒక గిన్నె. అప్పట్లో ఇక్కడివాళ్ళకొక పిచ్చి ఉండేది. పాత రికార్డుల్ని ఓవెన్లో పెట్టి మెత్తబడ్డాక గిన్నెల్లా వంచేవాళ్ళు. ఒకసారి చర్చి తిరనాళ్ళలో నరెల్ ఎవరో పెట్టిన చిప్స్ తింటూ ఉంటే, చిప్స్ అయిపోయాక గిన్నె అడుగున గేట్ నైన్ పేరు కనబడింది. ఆవిడ ఆ గిన్నెను చంకలో పెట్టుకుని అటునుంచటే బస్సెక్కి ఇంటికొచ్చేసింది. ఆ రోజు నుంచి ఆవిడ దారిలో ఉన్న పాత సామాన్ల కొట్లన్నింటికీ కాపలా మొదలైంది. డాప్టో, వర్రవాంగ్, కోరిమల్, ఎక్కడ బస్సు పది నిమిషాలు ఆగితే అక్కడ దిగి చవక రికార్డుల బుట్ట తిరగేసేది. గేట్ నైన్ కనబడితే చాలు, తప్పిపోయిన పిల్లని పోలీస్ స్టేషన్లోంచి తెచ్చుకున్నట్టు తెచ్చుకునేది. తుడిచి, కొత్త కవరు తొడిగి, వెనక గదిలో అరలో నిలబెట్టేది. వినడానికి మాత్రం మొదటిదే.

డిపోలో వెక్కిరింతలకు లోటేముంది. ఆ బ్యాండుకి నరెల్ తప్ప అభిమాని లేదని, నరెల్‌కి ఆ బ్యాండు తప్ప మొగుడు లేడని అనేవాళ్ళు. ఆవిడ పట్టించుకునేది కాదు. ఆవిడకి ఒకటే బాధ. ఎక్కడెక్కడివాళ్ళ పాటలన్నీ పాడతారు, ఈ ఊళ్ళో పుట్టిన పాట ఈ ఊరి పిల్లల్లో ఒక్కరికీ తెలీదు, వీళ్ళ చెవులు తగలెయ్య అని రోజుకొకసారైనా తిట్టేది. ఆ పాట పదిమంది నోళ్ళలో పడాలన్నదే ఆవిడ కోరిక, అంతకు మించి ఏమీ లేదు.

కిందటేడు చలికాలంలో ఒక గురువారం డాప్టోలో నా బస్సు ఆవిడ బస్సు వెనక ఆగింది. ఇద్దరం ఆవిడ ఫ్లాస్కులోని టీ తాగుతూ మెట్టు మీద కూర్చున్నాం. తెల్ల మీసాల ముసలాయన ఒకాయన మెల్లగా నడుచుకుంటూ వచ్చి, రికార్డులు కొనే బస్సావిడ నువ్వేనా, వర్రవాంగ్ కొట్లో చెప్పారు అన్నాడు. ఏ రికార్డు కావాలని నేనడిగాను.

"గేట్ నైన్ అని ఒకటి. నీకు తెలిసుండదులే."

నరెల్ కప్పు కింద పెట్టింది. ఆవిడ మొహం చూసి నాకర్థమైంది, ఆవిడ ఆయన్ని గుర్తుపట్టిందని. రిస్తో నౌమోవ్‌స్కీ. ఆ బ్యాండులో డ్రమ్ములు వాయించినవాడు. క్రింగిలాలోనే ఉంటాడట, ఆవిడ బస్సు వెళ్ళే దారికి రెండు వీధుల అవతల.

ఆయన తీరిగ్గా చెప్పుకొచ్చాడు. తన దగ్గరున్న నాలుగు ప్రతులూ తొంభై ఎనిమిది వరదలో డ్రమ్ములతో సహా పోయాయి. మనవరాలు కాటాకి పదిహేడు, తనూ ఏదో బ్యాండు పెట్టింది, తాత రికార్డు వింటానంటుంది. మూడేళ్ళుగా ఊళ్ళో ప్రతి కొట్టూ గాలిస్తోంది. ఇప్పటి పిల్లలంతా పాత రికార్డులు ఆ బుట్టల్లోనే ఏరుకుంటారు, ఏది కావాలన్నా దొరుకుతుంది, ఇదొక్కటే దొరకదు. ఏ కొట్లో అడిగినా ఒకటే మాట, బస్సు నడిపే ఆవిడ పట్టుకుపోయింది అని.

"ఎన్నున్నాయేంటి నీ దగ్గర?" అన్నాడు.

"నూట పన్నెండు," అంది నరెల్.

ఆయన కాసేపు మీసం దువ్వుకున్నాడు.

"మా పాట జనంలోకి పోనివ్వలేదని నలభై ఏళ్ళుగా రేడియోవాళ్ళని తిట్టుకుంటున్నాను. నువ్వన్నమాట."

మొహంలో ఏ మార్పూ లేకుండా అన్నాడు. ఇక్కడ అది సరసం. అభిమానం ఉంటేనే అలా అంటారు, వేరే రోజైతే ఆవిడ అంతకు రెట్టింపు అప్పజెప్పేది. ఆ రోజు ఫ్లాస్కు మూత బిగించింది. ఆదివారం ఇంటికి రమ్మని మాత్రం అంది. తరవాతి ట్రిప్పులో ఒక స్టాపు దగ్గర నలుగురు చెయ్యెత్తి నిలబడితే ఆపకుండా వెళ్ళిపోయింది. ముప్పై ఏళ్ళలో ఆవిడ మీద అదే మొదటి ఫిర్యాదు.

మర్నాడు పొద్దున్న డిపోలో నన్ను పక్కకి పిలిచింది.

"నేనే కదరా కోడో. ఎవరికీ తెలీదని ఏడ్చాను చూడు, తెలీకుండా చేసింది నేనే."

నువ్వు లేకపోతే అవన్నీ చిప్స్ గిన్నెలయ్యేవక్కా అన్నాను.

"కొన్ని అయ్యేవి. మిగతావి ఎవరో ఒకళ్ళు ఇంటికి పట్టుకెళ్ళేవాళ్ళు. వినేవాళ్ళు."

నిజం చెప్పొద్దూ, నాకు ఆవిడ మీద జాలీ వేసింది, కోపమూ వచ్చింది. ఇన్నేళ్ళు ఈ మాట మాలో ఒక్కడికైనా తట్టిందా? మాకు వెక్కిరించడంతోనే సరిపోయింది.

ఆదివారం తన ఒక్కదానివల్లా కాదని నన్ను కూడా రమ్మంది. రిస్తో, కాటా వచ్చారు. వెనక గది తలుపు తియ్యగానే ఆ పిల్ల వేలితో అరలు లెక్కపెట్టడం మొదలెట్టింది. రిస్తో అరల పొడుగునా మెల్లగా నడిచాడు, ఒక్కదాన్నీ ముట్టుకోలేదు. ఇవన్నీ తలా ఒక ఇంట్లో ఉన్నాయనుకుని ఇన్నాళ్ళూ మేం సంబరపడ్డాం అన్నాడు, అది దెప్పుతున్నట్టుగా లేదు. నరెల్ చేతులు కట్టుకుని గోడకానుకుని నిలబడింది. నలభై ఏళ్ళుగా ఈ మనిషికి చెప్పాలనుకున్నదంతా ఆవిడ గొంతులో ఉందని నాకు తెలుసు. ఇక్కడి మనుషులకు మంచిమాట మొహం మీద చెప్పడం చేతకాదు, వినడమూ చేతకాదు. చివరికి ఆవిడ అన్నది ఇది.

"రెండో వైపు మూడో పాట. రెండో చరణంలో నీ దరువు వెనకబడింది."

రిస్తో చటుక్కున తిరిగాడు.

"ఆ రోజు రెండు షిఫ్టులు చేసి వచ్చాను. కునుకు పట్టింది. మా నలుగురిలో కూడా ఎవరూ కనిపెట్టలేదే. నీకు వినబడిందా?"

"రోజూ వినబడుతుంది."

ఆయన కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు, చాలాసేపు తుడుచుకున్నాడు. ఆయన్ని అంతకన్నా బాగా ఎవరూ పొగిడి ఉండరు.

కాటా ఒకటి పట్టుకెళ్ళింది, రిస్తో ఒకటి. మిగిలిన నూట పదీ ఒక వారం అరల్లోనే ఉన్నాయి. పై వారం బస్సులో సీటు వెనక సంచి కనబడింది. డాప్టోలో దిగి, పాత సామాన్ల కొట్టుకు వెళ్ళి, ఒక రికార్డు తీసి చవక బుట్టలో తనే పెట్టి వచ్చింది. వర్రవాంగ్‌లో ఇంకోటి. ఒక్కో కొట్లో ఒకటే, అది పోయాకే రెండోది. కన్నబిడ్డని హాస్టల్లో దింపి వచ్చే తల్లి మొహం ఉంటుందే, అలా ఉండేది ఆవిడ మొహం వచ్చి స్టీరింగు ముందు కూర్చున్నప్పుడు.

వర్రవాంగ్‌లోది పదిరోజుల్లో పోయింది. కోరిమల్‌లోదీ పోయింది. డాప్టోలోది కదల్లేదు. మూడు వారాలు. ఆవిడ రోజూ దిగి వెళ్ళి చూసేది. ఒకరోజు ఆవిడ చెయ్యి దాని మీదకి వెళ్ళడం, మళ్ళీ వెనక్కి రావడం కొట్టు అద్దంలోంచి నేను చూశాను. ఏ పిచ్చివెధవా కొనడా దీన్ని అనుకున్నాను. మర్నాడు డ్యూటీ దిగాక వెళ్ళి నేనే కొనేశాను.

ఆ సోమవారం ఆవిడ డిపో అంతా తిరిగి చెప్పింది, డాప్టోలోది కూడా పోయిందని. కనబడినవాడికల్లా టీ పోసింది. నాకూ పోసింది. ఆవిడ అటు తిరిగాక నా కప్పు సింకులో ఒంపేశాను. మధ్యాహ్నానికి కొట్టు నడిపే ఆవిడ నరెల్‌కి చెప్పేసిందట, బస్సు చొక్కా వేసుకున్న పొట్టాయన కొన్నాడని. మా డిపోలో పొట్టివాణ్ణి నేనొక్కణ్ణే.

నరెల్ నా బస్సెక్కి ఎదురుగా నిలబడింది.

"నాకు పట్టిన రోగమే నీకూ పట్టిందిరా. సరే, విన్నావా?"

"నా దగ్గర ప్లేయర్ లేదక్కా."

"అది కాదు. ఎప్పుడైనా విన్నావా?"

"నువ్వెప్పుడూ వినిపించలేదుగా."

పద్దెనిమిదేళ్ళు. ఆ పాట గురించి నాకు తెలియని ముక్క లేదు, పాట మాత్రం తెలియదు. ఆవిడ సీటు కమ్మీ పట్టుకుని కాసేపు కిటికీలోంచి బయటకు చూసింది. అమ్మ పోయాక ఎవరికీ వెయ్యలేదురా అంది మెల్లగా.

డ్యూటీ దిగాక వాళ్ళింటికి తీసుకెళ్ళింది. నేను కొన్న ప్రతినే కవరులోంచి తీసింది, విన్నాక రేపు తిరిగి అక్కడే పెట్టాలని నాతో ఒప్పించుకుని మరీ. ముల్లు మూడో పాట మీద దింపింది. వాళ్ళమ్మ కూర్చున్న గుమ్మంలోనే నేను కూర్చున్నాను. పెరట్లో తీగ మీద దుప్పట్లు ఆరుతున్నాయి, ఇప్పుడు మసి పడటం లేదు. పాటగాడి గొంతు నేననుకున్నంత గొప్పగా ఏమీ లేదు, పక్కింటి కుర్రాడి గొంతులా ఉంది. పాటలో ఆ ఇల్లాలు దుప్పటి దులిపింది, మళ్ళీ నీళ్ళు పట్టింది. నాకు కళ్ళు చెమర్చాయి, చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు. రెండో చరణం మొదలవబోతుంటే నరెల్ నా వైపు చూసి వేలెత్తింది. ఇద్దరం చెవులొగ్గి ఎదురుచూశాం. దరువు కాస్త ఆలస్యంగా వచ్చింది.