మొదటి మొగుణ్ణి అన్నయ్యను చేసిన మధ్యాహ్నం

సినిమా మొదలైన అరగంటకల్లా హీరోయిన్ మొదటి మొగుణ్ణి నేను ఆమెకు అన్నయ్యను చేసేశాను. ముందుగా అనుకుని చేసింది కాదు, నోరు దానంతటదే అలా తిరిగిపోయింది.

అప్పట్లో మేం అమెరికాలో, నోవై అనే ఊళ్లో అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లం. మా అత్తగారు మొదటిసారి వచ్చిన చలికాలం. మోకాలి లోతు మంచు పడి మా ఆఫీసుకు సెలవిచ్చారు. మా ఆయన మాత్రం ఆఫీసులో ఏదో టెస్టింగ్ ఉందంటూ పార పట్టుకుని, కారును మంచులోంచి తవ్వుకుని మరీ వెళ్లిపోయారు. అత్తగారికి డిటెక్టివ్ నవలల పిచ్చి. ఊరి నుంచి తెచ్చుకున్నవన్నీ రెండోసారి కూడా అయిపోయాయి.

"ఏదన్నా హత్యల సినిమా పెట్టవే అమ్మాయ్, బుర్ర తుప్పు పట్టేట్టుంది" అన్నారు మధ్యాహ్నం భోజనాలయ్యాక.

నా దగ్గర లైబ్రరీ నుంచి తెచ్చిన డీవీడీ ఉంది. ఏదో చలిదేశపు యూరప్ సినిమా. ఆ భాష ఇద్దరికీ రాదు. కింద పడే ఇంగ్లీషు చదివి నేను తెలుగులో చెప్పాలి, ఆవిడ వినాలి. చేగోడీల డబ్బా మధ్యలో పెట్టుకుని కూర్చున్నాం.

అబ్బ, ఏం మొదలైందని! గడ్డకట్టిన చెరువు మీద ఒంటరిగా ఒక ఎర్ర చేతితొడుగు. ఒడ్డున ఇల్లు. అందులో కొత్తగా పెళ్లయిన అమ్మాయి, మొగుడు, అనుమానపు అత్త. ఆ అమ్మాయి ఎక్కణ్ణుంచి వచ్చిందో ఎవరికీ తెలియదు. మా అత్తగారు మంకీ క్యాప్ లాగి పక్కన పడేశారు. నేను ఒక్కో మాటా గుక్క తిప్పుకోకుండా చెబుతున్నాను. ఇంతలో తలుపు చప్పుడైంది. గుమ్మంలో ఎవడో నిలబడ్డాడు.

"వాడెవడే? త్వరగా చెప్పు."

'నేను ఆమె మొదటి భర్తను' అని కింద అక్షరాలు పడ్డాయి.

అలాంటి మొదటి మొగుడు నాకూ ఒకడు ఉండేవాడు. ఎమ్మెస్ చదవడానికి వచ్చిన కొత్తలో పెళ్లి, ఏడాది తిరక్కుండానే విడాకులు. మా ఆయనకు అంతా తెలుసు. "అమ్మకు మాత్రం చెప్పొద్దు, తట్టుకోలేదు. నెమ్మదిగా చూద్దాం" అన్నారు. మూడేళ్లయినా ఆ నెమ్మది రాలేదు. ఆవిడ నన్ను అమ్మాయ్ అని నోరారా పిలిచినప్పుడల్లా, తెలిసిన రోజున ఈ పిలుపు పోతుంది కదా అని నాకు దిగులేసేది.

"వాళ్లన్నయ్యట, అత్తయ్యా" అన్నాను.

ఇక చూడండి నా అవస్థ. ఆ అన్నయ్య దాని చెంప నిమురుతాడు. "చిన్నప్పట్నుంచీ గారాబమట" అన్నాను. సినిమాలో అత్త కోడలి పెట్టె తవ్వి పెళ్లి ఫోటో బయటికి లాగింది. తెల్ల గౌనులో ఆ అమ్మాయి, పక్కన వాడు.

"అన్నయ్య పక్కన పెళ్లికూతురిలా నిలబడిందేంటే?"

"చర్చిలో ఏదో పండగట."

"ఊఁ" అన్నారు ఆవిడ. ఆ 'ఊఁ' నాకు అస్సలు నచ్చలేదు.

కథేమో పరుగెడుతోంది. అత్త ఫోటో తెచ్చి కొడుకు మొహాన కొట్టింది. వాడు తలుపు తీసి పెళ్లాన్ని చలిలోకి గెంటాడు. ఆ పిల్ల చెరువు మీద పరుగు. కాళ్ల కింద మంచు టపటపా పగులుతోంది. అత్తగారు నా మణికట్టు పట్టుకున్నారు. నేను తెలుగు చెప్పడమే మర్చిపోయాను. సరిగ్గా అప్పుడు ఆవిడ రిమోట్ అందుకుని సినిమా ఆపేశారు.

"వాడు దీని మొదటి మొగుడు కదే?"

"అవునత్తయ్యా" అన్నాను.

"అన్నయ్యను చూసే చూపటే అది? ఆ ముసల్దానికి మాత్రం బుద్ధి లేదు. పెట్టెలు తవ్వి ఏం సాధించింది? తెలిస్తే తెలిసింది. పిల్ల తనంతట తను చెప్పుకునేదాకా నోరు మూసుకుని ఆగొచ్చుగా." చేగోడీ ఒకటి తీసి కొరికారు. "నేను ఆగట్లా?"

ఆవిడ ఇంకా నా మణికట్టు వదల్లేదు.

"మాకు పాలు పోసేవాడి గురించే పదిమందిని వాకబు చేస్తాం. కోడలి గురించి చెయ్యనా? మీ పెళ్లికి ముందే తెలుసు నాకు. నువ్వే చెబుతావులే అని చూస్తున్నా."

నాకు ఏడుపు పొంగుకొచ్చింది. సంతోషమో, సిగ్గో, మూడేళ్ల భయం దిగిపోవడమో, అన్నీ కలిసే వచ్చాయి. "మరి ఆయనకు..." అన్నాను.

"నాకు తెలుసని వాడికి చెప్పకు, తట్టుకోలేడు" అన్నారు. చీరకొంగుతో నా మొహం తుడిచి, రిమోట్ నా ఒళ్లో పెట్టారు.

"మొదట్నుంచీ పెట్టు, అమ్మాయ్. ఈసారి వాణ్ణి మొగుడనే చెప్పు."