బండలు లేని ఆవరణ

మొన్న పేపర్లో చదివాను, చిన్న పరిశ్రమల కొత్త విధానంలో లీన్ పద్ధతికి పెద్దపీట వేస్తారట, సరుకు నిల్వలు తగ్గించుకున్న ఫ్యాక్టరీలకే ముందుగా రాయితీలు ఇస్తారట. చదివి, పేపరు మడిచి, స్నానానికి వెళ్లాను. కోపం రావలసిన చోట నాకు ఏమీ రాలేదు.

నా వయసువాళ్లకు గుర్తుండే ఉంటుంది, మన కుర్రతనంలో దాన్నే జపాను పద్ధతి అనేవారు. అప్పట్లో నేను కమలాపురం దగ్గర మా మేనమామ బండల పాలిష్ ఫ్యాక్టరీలో పని చూసుకునేవాణ్ణి. మన ఇళ్లలో నేలకూ, వంటింటి గట్టుకూ, అటకలకూ అన్నిటికీ కడప బండలే కదా. ఇప్పటివాళ్లు వాటిమీద టైల్సు పరిపించుకుంటున్నారనుకోండి, అది వేరే సంగతి. మామకు రెండో మెషిన్ కావాలి. ఉన్న ఒక్కటీ ముసలిదైపోయి సగం రోజు మూలుగుతూ ఉండేది. పరిశ్రమల ఆఫీసరొకాయన వచ్చి, రోడ్డు వారన నిలబెట్టిన బండలన్నీ ఊరికే పడున్న పెట్టుబడి అనీ, ఆర్డరు వచ్చాకే కోసే ఫ్యాక్టరీలకే మెషిన్‌కి అప్పు ముందు ఇస్తారనీ చెప్పాడు. మామ బండలన్నీ అయినకాడికి అమ్మేసి, ఆవరణ శుభ్రంగా ఊడిపించి నీళ్లు చల్లించాడు. ఆఫీసరు మెచ్చుకుని ఫోటోలు తీయించుకున్నాడు.

ఆ తర్వాత లారీలు ఆగడం మానేశాయి. మా వైపు రోడ్డు మీది నుంచి బండలు చూసే లారీ ఆపేవారు. ఫ్యాక్టరీ మూసేసుకునేవాళ్లే ఆఖరు బండ దాకా అమ్ముకుని, ఊడ్చి, గేటు వేసుకుంటారు. మెషిన్ మీది ఆశలో ఆ సంగతి మాలో ఎవరికీ తట్టలేదు. ఒకరోజు టీకొట్టు దగ్గర పాత లారీ డ్రైవరు కనబడి మామమీద నిష్ఠూరాలాడాడు.

"ఏమప్పా, ఫ్యాక్టరీ మూసేస్తివంట, ఒక్క మాటన్నా చెప్పకపోతివే! మేమిప్పుడు వేరే కాడ బండలెత్తుకుంటాండాము."

"మూయలేదప్పా, ఈడనే ఉండా," అన్నాడు మామ, పక్కనున్న నాకే వినబడేంత మెల్లగా.

మెషిన్ అయితే వచ్చింది. కొత్తది, నిగనిగలాడుతూ ఉంది. ఆర్డర్లు రాక, పెట్టడానికి బండ లేక, మామ దాన్ని ఉత్తినే కాసేపు తిప్పి, చప్పుడు విని, ఆపేశాడు. "కర్నూల్లో ఏదన్నా పని చూసుకో అల్లుడా" అన్నాడు. నేను సంచి సర్దుకుని బస్సెక్కాను. బాధపడ్డానా అంటే గుర్తు లేదు.

ఇప్పుడు ఫోన్లో ఫోటో చూసి ఆర్డరు పెడుతున్నారు, రోడ్డు మీద లారీ ఆపి చూసేవాళ్లు తగ్గిపోయారు, ఆవరణ ఖాళీగా ఉన్నా మూసేశారని ఎవరూ అనుకోరు. మామ అప్పుడు చేసిన పని ఇవాళ చేస్తే సరిపోయేది. ఆ మాట చెబుదామంటే ఆయన లేడు. ఉన్నా చెప్పేవాణ్ణి కాదేమో.