సైదాబీ చూసిన కుట్లు

నరసరావుపేటలో పరుపు మెత్తగా ఉండాలంటే మౌలాలీని, అది పది కాలాల పాటు నిలవాలంటే అతని భార్య సైదాబీని అడగాలి. అతను దూది ఏకుతాడు, ఆమె కుడుతుంది. దూదేకే విల్లు భుజాన వేసుకుని గురజాల, మాచర్ల దాకా ఊళ్లు తిరిగిన మనిషి అతను. ఆమె మాత్రం దబ్బనం పట్టుకుని కూర్చుందంటే ఎదురుగా కలెక్టరు వచ్చి నిలబడ్డా తలెత్తేది కాదు. కుట్టు దగ్గర ఆమె నోటికి మొహమాటం లేదు. కిరాణా కొట్టు లీలావతమ్మ గుంటూరులో కొన్న పరుపును మురిసిపోతూ చూపిస్తే, "ఎడం ఎడంగా ఏశాడమ్మా, దసరాకల్లా పిగులుద్ది" అని మొహం మీదే అనేసింది. అన్నట్టే పిగిలింది. లీలావతమ్మ చాన్నాళ్లు ఆమెతో మాట్లాడలేదు.

అంతటి నోరు ఆసుపత్రికి వెళ్తే మాత్రం ఊరుకుంటుందా? అదే కొంప ముంచింది.

మౌలాలీకి చిన్నప్పుడెప్పుడో వచ్చిన కీళ్ల జ్వరం గుండెలో వాల్వును పాడు చేసిందని నలభై ఏళ్లు దాటాక తెలిసింది. అప్పటిదాకా ఆయాసం దూది నుసి వల్లేననుకున్నారు. గుంటూరు డాక్టర్లు హైదరాబాదు పంపారు. అక్కడి పెద్ద ఆసుపత్రిలో రొమ్ము ఎముకను నిలువునా కోసి, కొత్త వాల్వు పెట్టి, మళ్లీ మూశారు. ఎనభైల నాటి మాట ఇది. గుండె కోస్తే మనిషి తిరిగొస్తాడని వాళ్ల వీధిలో ఒక్కరూ నమ్మలేదు. మౌలాలీ కళ్లు తెరిచాడు, నీళ్లడిగాడు. సైదాబీ జాన్‌పహాడ్ దర్గా సైదులుకు మొక్కుకుని కరువుతీరా ఏడ్చింది.

వార్డుకు మార్చాక నర్సు గ్రేసమ్మ కట్టు విప్పి గాయం తుడుస్తోంది. మౌలాలీ తలెత్తలేక భార్యను అడిగాడు.

"ఏమే, కుట్టు ఎట్టుందే?"

"నల్లదారం. ఎడం ఎడంగా ఏశారయ్యా. ఏం తొందరొచ్చిందో ఏమో."

ఎవరింటి పరుపునో చూసి చెప్పినట్టే చెప్పింది పాపం.  మౌలాలీ అప్పటి నుంచి దగ్గడం మానేశాడు.

ఈ ఆపరేషను అయినవాళ్లు దగ్గి తీరాలి. లోపల చేరిన కఫం బయటికి రాకపోతే ఊపిరితిత్తులు మూసుకుపోతాయి. గ్రేసమ్మ ఒక దిండు ఇచ్చి, రొమ్ముకు అదుముకుని గట్టిగా దగ్గమంది. దిండు అదుముకున్నాడే గానీ దగ్గలేదు. వచ్చిన దగ్గును కూడా పళ్లు బిగించి మింగేశాడు. లోపలి నుంచి తన్నుకొస్తే ఎడం ఎడంగా ఏసిన కుట్టు గతి ఏమవుతుందో పరుపుల మౌలాలీకి ఇంకొకరు చెప్పాలా? చిన్న డాక్టరు వచ్చి, పైకి కనిపించేది తోలు వరకేననీ, లోపల ఎముకను ఉక్కు తీగతో బిగించామనీ నెత్తీ నోరూ బాదుకుని చెప్పాడు.

"లోపల నేను చూశానా సారూ? చూసిన మనిషి చెప్పింది" అన్నాడు మౌలాలీ.

"నా మాట పట్టించుకోబాకయ్యా. మనిషి తోలు సంగతి నాకేం తెలుసు?" అని సైదాబీ అతని కాళ్లు పట్టుకుంది.

"నీకు తెలవకపోతే ఇంకెవరికి తెలుసుద్ది?" అన్నాడు. అంత నమ్మకం ఆమె మీద.

మర్నాటికి జ్వరం పెరిగింది. ఊపిరి తీస్తుంటే గరగర చప్పుడు. పెదాలు నల్లబడుతున్నాయి. మళ్లీ గొంతులో గొట్టం వెయ్యాల్సి వస్తుందనీ, ఈసారి తట్టుకుంటాడని చెప్పలేననీ డాక్టరు అనేసి వెళ్లాడు. సైదాబీ వరండాలోకి పోయి, "నా నోరు పడిపోనూ" అంటూ తన నోటి మీదే కొట్టుకుంది. గొట్టం కాదు, కత్తి కాదు, తన మాటే మొగుణ్ణి చంపుతోంది. ఆ మాటను వెనక్కి లాక్కునే దారి ఆమెకు తెలియడం లేదు.

అలాగే లోపలికి వచ్చింది. అతని చేతుల్లోంచి దిండు లాక్కుని, దాని కుట్టును పంటితో కొరికి తెంపింది. లోపల ఎన్నాళ్లదో పాత దూది, నిండా నుసి. గుప్పెడు పీకి, వేళ్లతో చిక్కు విడదీసి, అతని ముక్కు దగ్గర విదిలించింది. మౌలాలీ మొహం తిప్పుకోబోయాడు. ఆమె రెండు అరచేతులూ అతని రొమ్ము మీద అదిమిపెట్టింది.

"నేను పట్టుకున్నా. దగ్గు!"

దగ్గు అతణ్ణి అడగలేదు, వచ్చేసింది. ఆ నొప్పికి అతను పెట్టిన కేక వార్డంతా వినపడింది. "పిచ్చిదానా, చంపుతావా ఏంది?" అంటూ గ్రేసమ్మ పరుగెత్తుకొచ్చింది. అప్పటికే చిక్కటి కఫం ముద్దగా బయటపడింది.

మౌలాలీ భార్య చెయ్యి పట్టుకున్నాడు. "ఊడినయ్యా? చూడవే. ఎన్ని ఊడినయ్?"

సైదాబీ కట్టు అంచు పైకెత్తి చూసింది. అడుగున ఒక దారం తోలును కోసుకుని ఊడొచ్చింది. అక్కడ రక్తం ఊరుతోంది. గ్రేసమ్మ కూడా చూసి నోరు తెరవబోయింది. సైదాబీ ఆమె వంక చూసి తల అడ్డంగా ఊపింది. కట్టు కప్పేసి, దాని మీద బొటనవేలు గట్టిగా నొక్కి పెట్టింది.

"ఒక్కటి కూడా కదల్లేదయ్యా. ఇంత గట్టి కుట్టు నా జన్మలో ఎయ్యలేదు."

మౌలాలీ ఆమె మొహంలోకి చూశాడు. కళ్లు మూసుకుని, ఈసారి తనంతట తానే దగ్గాడు. బొటనవేలి కింద కట్టు తడుస్తోంది.

"ఇంకోసారి" అంది సైదాబీ.