ప్రసన్న పిడికిళ్లు

కరోనా తగ్గి బడులు తెరిచిన ఏడాది నన్ను పిడుగురాళ్ల వైపు పల్లెలకు వేశారు. నాది ప్రత్యేక ఉపాధ్యాయురాలి ఉద్యోగం. చూపు లేని పసిపిల్లల ఇళ్లకు వారానికోసారి వెళ్లి ఆటలు నేర్పాలి. బ్రెయిలీ వేళ్లతో చదివే లిపి. అందుకే పిల్లల వేళ్లకు కుతూహలం పుట్టించడమే మా మొదటి పాఠం.

మూడేళ్ల ప్రసన్న దగ్గర ఆ పాఠం మొదలే కాలేదు. గజ్జెల బంతి మోగిస్తే కిలకిలా నవ్వేది. చేతికివ్వబోతే పిడికిళ్లు బిగించి వీపు వెనక దాచేసేది. చింతగింజల డబ్బా, పత్తికాయ, గాజులు, దేనికైనా ఇదే తంతు. నవ్వేది ఎందుకో, దాచేది ఎందుకో నాకు అంతుపట్టలేదు. చేతులు చాచని పిల్ల రేపు అక్షరాలెలా నేర్చుకుంటుందని దిగులు పట్టుకుంది.

బంతి పక్కకు దొర్లితే మాత్రం కాలితో తడిమేది. అది చూసి వాళ్ల నాయనమ్మ ఊరుకునేది కాదు.

"కాలు తగిలిందే తల్లీ! దణ్ణం పెట్టుకో" అంటూ పిల్ల పిడికిలి విప్పి, ఆ చేతిని బంతికి తాకించి, కళ్లకు అద్దించేది. ప్రసన్న గుక్కపట్టి ఏడ్చేది. కోప్పడినందుకే ఏడుస్తోందని నేను, మొండిదని వాళ్ల అమ్మ కోటేశ్వరి అనుకున్నాం.

వ్యాపారి దించిన ఎండుమిర్చికి అత్తాకోడళ్లు మేం ఆడుకునే పంచలోనే తొడిమలు తీసేవారు. ఒకరోజు అక్కడి చాప మీద నుంచి లేస్తుంటే నా కాలు పుస్తకాల సంచికి తగిలింది. అలవాటు కొద్దీ సంచి ముట్టుకుని కళ్లకద్దుకున్నాను. ఇక చూడండి! కన్నీళ్లు ధారలు కట్టాయి. కోటేశ్వరి మజ్జిగ తెచ్చేలోపు నాకు అసలు సంగతి తెలిసొచ్చింది. ప్రసన్న ఏడ్చేదీ ఈ మిర్చి మంటకే.

చెబితే పెద్దావిడ నమ్మలేదు. "చూపే లేని కళ్లకు మంటేంటమ్మా?" అంది.

"చూపు లేకపోయినా కన్ను కన్నే కదా పెద్దమ్మా" అన్నాను. ఆవిడ తన అరచేతుల వంక చూసుకుని, కొంగుతో తుడుచుకుంది. తర్వాత, "బొమ్మలకు దణ్ణం మానేస్తాలే. పుస్తకానికి మాత్రం మాననమ్మా" అంది. పుస్తకం దాకా వస్తే అప్పుడు చూద్దామన్నాను.

మా ఆటలను మిర్చి లేని పక్కింటి అరుగు మీదికి మార్చాం. వస్తువులన్నీ కడిగాం. కాలితోనే ఆడనిచ్చాం. కొన్ని వారాలు అంతే. నేను చెప్పింది సరైన కారణమేనా అని మళ్లీ సందేహం.

ఒక ఉదయం ప్రసన్న కాలి కింద బంతి ఆగింది. చెయ్యి మెల్లగా మోకాలి మీదుగా జారి బంతిని తాకింది. ఎవరూ చెప్పకుండానే ఆ చేతిని కళ్లకు అద్దుకుని, బిగుసుకుని కూర్చుంది. మంట పుట్టలేదు. మళ్లీ తాకింది. ఈసారి రెండు చేతులతో.

ఆ తర్వాత నా సర్వీసులో ఏ పిల్ల గురించీ రిపోర్టులో 'ముట్టుకోదు' అని ఊరికే రాయలేదు. ముట్టుకుంటే ఆ ఇంట్లో ఏమవుతుందో ముందు చూసేదాన్ని.