లేట్ ముందా, వెనకా

పక్కింటి మేష్టారు పోయారని పాలు పోసే ఆమె చెబితే నేను నమ్మలేదు. "ఎవులు సెప్పేరే? నువ్వు సూసేవా?" అని నిలదీశాను. నాకు ఏ కబురైనా అనుమానమే. విసుక్కోకుండా నా అనుమానాలకు జవాబు చెప్పినవారు మా వీధిలో ఆయనొక్కరే.

మా బరంపురంలోనే ఇంగ్లీషు పాఠాలు చెప్పేవారు. అడగకుండానే నాకు మాటల అర్థాలు చెబుతుంటే మొదట్లో ఆయన మీదా అనుమానపడ్డాను, ఈయనకేం కావాలో అని. ఏమీ అక్కరలేదు. కళ్ళద్దాలు పంచె చెంగుతో తుడుచుకుంటూ, "మాటక్కూడా కూసునే సోటుంటాది సెల్లమ్మా" అనేవారు.

మా అమ్మాయిని బడిలో చేర్చిన రోజు మరచిపోలేను. ఎండుచేపలకని సోనేపూర్ వెళ్ళిన మా ఆయన ఇంకా రాలేదు. తండ్రి ఏడీ, పేరేమిటి అని గుమస్తా అడిగాడు. నాకొచ్చిన ఇంగ్లీషు ముక్క గొప్పగా వాడి, "లేట్ అండీ" అన్నాను. మొగుడి పేరు నేను పలకను కనుక, ఆ వెంటనే పేరు పిల్ల చెప్పింది.

గుమస్తా కలం ఆగింది. నాకు కుర్చీ వేశారు, టీ తెప్పించారు. ఒక టీచరమ్మ పిల్ల తల నిమిరింది. ఎన్నడూ లేని ఈ మర్యాదేమిటి? దారిలో ఆయనొచ్చే బస్సుకేదో అయింది, వీళ్ళకు తెలుసు, నా దగ్గర దాస్తున్నారు! పిల్ల చెయ్యి పట్టుకుని, బడా బజార్ జనంలోంచి ఏడుస్తూ ఇంటికొచ్చిపడ్డాను.

మేష్టారు అరుగు దిగి వచ్చారు. "ఏటన్నావు? మల్లీ సెప్పు." చెప్పాను.

"ఓసి నీ ఇల్లు బంగారం గానూ! నీ మొగుణ్ణి నువ్వే సంపేసేవు! లేట్ అన్నది పేరుకి ముందెడితే మనిసి పోయేడని. ఎనకెడితే ఇంకా వస్తాడని."

"నిజివేనా మేష్టారూ? నన్ను ఊరుకోబెట్టడానికి సెప్తన్నారా?"

"ఈదిలోకి సూడు."

చేపల సంచీతో మా ఆయన వస్తున్నాడు. నా మొహం చూసి, "ఏటి, ఎవులు పోయేరు?" అన్నాడు.

"నువ్వే" అన్నారు మేష్టారు.

మర్నాడు తానే బడికెళ్ళి ఆ మాట కొట్టేయించి వచ్చారు.

మేష్టారు పోయిన పదో రోజున ఆయన ఫొటో కింద పేరు రాయించారు. ముందు ఆ మాట ఉంది. "సరిగ్గానే రాసేరా నాయినా?" అని ఆయన కొడుకును అడిగాను. సరిగ్గానే రాశారట.

సాయంత్రం మా గుమ్మంలో కూర్చుంటే అరుగు మీద ఆయన కుర్చీ కనిపించింది, ఎవరూ తీయలేదు. "మేష్టారు లేట్" అన్నాను, నాకు మాత్రమే వినపడేలా. మాట వెనకే పెట్టాను. పెట్టి, వీధి చివరిదాకా చూశాను.