గ్రాఫు బాగుంది, చెక్కే బూజు పట్టింది

మా గోపన్‌పల్లి అపార్ట్‌మెంట్ మేడ మీద, పక్క ఫ్లాట్ సాఫ్ట్‌వేర్ సురేశ్ గారు పచ్చి చెక్క ఆరబెట్టడానికి ఎండతో వేడెక్కే గది కట్టారు. చుట్టూ థర్మోకోల్, పైన గాజు, లోపలి వేడిని ఫోన్‌లో గ్రాఫుగా చూపించే సెన్సర్లు. ఉయ్యాల బల్ల చేయించుకుందామని నేనూ నా వేపచెక్కలు అందులో పెట్టాను. ఈ రోజు తలుపు తీస్తే గాజు మీంచి నీళ్లు కారుతున్నాయి. చెక్కల నిండా బూజు.

వెంట వచ్చిన వడ్రంగి యాదగిరి తల పట్టుకున్నాడు. “గాలి పోయే సందులన్నీ మూసిండ్రేంది సారూ? కట్టెల తడి ఏడికి పోవాలె?”

“అవి తెరిస్తే గ్రాఫులో టెంపరేచర్ పడిపోతోందండీ!” అన్నారు సురేశ్ గారు.

మా ఇంట్లో అలాంటిదాన్ని ఇడ్లీ పాత్ర అంటారు.

సాయంత్రం ఆయన అపార్ట్‌మెంట్ గ్రూపులో గ్రాఫు ఫొటో పెట్టారు, ‘సక్సెస్’ అని. అందరూ చప్పట్లు కొట్టారు. చెక్క ఫొటో నా దగ్గరుంది. దాని కిందే పెట్టమంటారా?