అమ్మణ్ణి పోసిన నీళ్ళు

టాటానగర్ పక్క జుగ్సలాయిలో, మా రైల్వే క్వార్టర్ల లైనులో అమ్మణ్ణి పిన్నికి పిల్లల్లేరు. గొడ్రాలని చాటున అనేవాళ్ళే గానీ ఎదురుగా అనే ధైర్యం ఒక్కరికీ లేదు, ఆవిడ నోరు అలాంటిది. బారసాలకి పిలిచేవాళ్ళు కాదు. ఎందుకు పిలవలేదని ఆవిడా అడిగేది కాదు.

పక్క వీధి డిస్పెన్సరీలో ఆయా పని ఆవిడది. నేల తుడవడం, సూదులు మరగబెట్టడం. ఎనభై మూడులో అక్కడి నర్సు దీదీ ఆవిడ చేతికొక సంచి ఇచ్చింది. అందులో ఉప్పూ చక్కెరా కలిపిన పొడి ప్యాకెట్లు. విరేచనాలు పట్టుకున్న పిల్లలకి లీటరు నీళ్ళలో కలిపి పట్టాలని ఇంటింటికీ చెప్పమంది.

పిన్ని చెప్పింది, పంచింది. మావాళ్ళు చేసిన నిర్వాకం చెప్పుకుంటే సిగ్గుచేటు. మా అమ్మ నూకమ్మ అయితే సాక్చి నుంచి వచ్చిన మా మేనమామకి షర్బత్ అని కలిపి ఇచ్చేసింది. పాపం మర్యాదస్తుడు, గ్లాసంతా తాగి బాగుందన్నాడు.

పిల్లలకి మాత్రం ఒక్కరూ పట్టలేదు. విరేచనాలైతే నీళ్ళు ఆపి పొట్ట ఎండగట్టాలన్నది మావాళ్ళ వైద్యం. లోపలికి పోయకపోతే బయటికేం వస్తుందని వాళ్ళ లెక్క. ప్రేమ లేక కాదు, ఏడుస్తూనే ఆపేవారు.

ఆ వర్షాకాలం ఎదురింటి పద్మకుమారి కూతురికి విరేచనాలు పట్టుకున్నాయి. ఏడాదిన్నర పిల్ల. మూడోరోజు పొద్దున నేను చూసేసరికి కళ్ళు లోపలికి పోయాయి, ఏడుస్తోంది గానీ కన్నీళ్ళు రావడం లేదు. పద్మకుమారి దొంగతనంగా నీళ్ళు పట్టేస్తుందేమోనని అత్తగారు తవిటమ్మ కుండ పక్కనే పీట వేసుకుని కూర్చుంది.

కబురు విని అమ్మణ్ణి పిన్ని డ్యూటీ మధ్యలోంచి పరుగెత్తుకొచ్చింది.

"అప్పా, పీట మీంచి నెగు. పిల్లకి నీల్లియ్యాల," అంది తవిటమ్మతో.

"నీల్లు పోత్తే ఇంకా పోతాది."

"నర్సు దీదీ సెప్పింది..."

"పిల్లల్ని కన్నోలు సెప్తే ఇంటాను. నీకేటి తెలుసే?" అంది తవిటమ్మ.

ఇంకేముంది, ఇల్లు ఎగిరిపోతుందనుకున్నాను. పిన్ని అరవలేదు. అక్కడే నేలమీద కూలబడింది.

"కన్నాను అప్పా. మా ఊల్లో. మూడేల్లు పెంచినాను. ఇలాగే పట్టుకుంటే మాయత్త ఒద్దంది, నానూ ఒద్దన్నాను. అమ్మా నీల్లు, అమ్మా నీల్లు అని రెండ్రోజులు అడిగింది. గుక్కెడు పొయ్యనేదు. ఆకర్ని అందరూ పొయ్యమంటే తులసి నీల్లు పోసినాను. మింగనేదు. సెంపమ్మట కారిపోనాయి."

అంతవరకు ఆ మాట లైనులో ఎవరికీ తెలియదు. కన్న తల్లే నీళ్ళివ్వలేదని చెప్పుకోవడం కన్నా గొడ్రాలనిపించుకోవడమే నయమనుకుందేమో. నాకు ఏడుపు ఆగలేదు.

తవిటమ్మ లేచి పీట పక్కకి జరిపి, తనే చెంబుతో నీళ్ళు ముంచింది.

పిన్ని అందులో ప్యాకెట్ కలిపి, పిల్లని ఒళ్ళో వేసుకుని చెంచాతో పట్టింది. మొదటి చెంచాలు పిల్ల కక్కేసింది. "కక్కనీ అప్పా, మల్లీ పోద్దారి," అంది పిన్ని. చెంచా తర్వాత చెంచా పోస్తూనే ఉంది. మధ్యాహ్నం దాటాక, ముందురోజు నుంచీ ఆగిపోయిన ఉచ్చ పిల్ల ఆవిడ ఒళ్ళోనే పోసింది. "ఒలే పద్మా, తడిపేసిందే నన్ను!" అని పిన్ని పెద్దగా నవ్వింది. ఉచ్చకి అంత సంబరపడ్డ ఇంటిని నేను మళ్ళీ చూడలేదు.

పిల్ల నిద్రపోయాక తవిటమ్మ మెల్లగా అడిగింది.

"నీ పిల్ల పేరేటే?"

పిన్ని తడి చీర పిండుకుంటూ ఆగిపోయింది. అన్నేళ్ళలో ఆ పేరు అడిగినవాళ్ళు లేరు.

"పైడమ్మ," అంది.

ఆ తర్వాత పదేళ్ళు ఆవిడ ఆ సంచి మోసింది. ఏ గడపలో కూర్చున్నా ప్యాకెట్ తర్వాత తీసేది. ముందు ఆ పేరు చెప్పేది.